జానెడు దూరంలో ఫ్యూజు

ముందు నెగటివ్ విప్పాలి.
పది నంబరు స్పానరు, ఎడమకు రెండు తిప్పులు,
నల్ల తీగను పాత గుడ్డలో చుట్టి పక్కకు వంచడం.
పన్నెండేళ్లుగా రోజూ చేస్తున్నా
ఈ పనికి ముందు ఉంగరం తీసి జేబులో వేసుకుంటాను.
మా గురువు వేలికి ఉంగరం ఉండేది కాదు,
ఉంగరమంత మచ్చ ఉండేది.

విజయనగరంలో, ధర్మపురి రోడ్డులో మా షెడ్డు.
బండి పాత ఆల్టో.
మనిషి దాలినాయుడు,
నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పయ్యొక్క ఏళ్లు మగ్గం మీద.
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు,
మాటల్ని పెదాల మీంచి ఏరుకుంటాడు.
"డిక్కీలో పెద్ద డబ్బా పెట్టీ బాబూ.
పాట ఇనబడక్కర్నేదు,
ఈపుకి తగిలితే సాలు."
కూర్మారావు నవ్వబోయి
నా మొహం చూసి మానేశాడు.

నాలుగో గేజి రాగి తీగ, ఐదు మీటర్లు.
అల్యూమినియానికి రాగి పూసినది సగం ధరకొస్తుంది,
వేడెక్కాక నిజం చెబుతుంది.
బ్యాటరీ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు.
జానెడే ఎందుకని కుర్రాళ్లడుగుతారు.
ఆ జానెడుకీ కాపలా లేదు గనక.
అవతల ఏం జరిగినా ఫ్యూజు చచ్చి బండిని బతికిస్తుంది,
ఇవతల జరిగితే
బండే ఫ్యూజు.

ఇంజనుకీ మనుషులకీ మధ్య రేకు గోడ.
కంపెనీ వాడి కన్నంలో ఇప్పటికే పుట్టెడు తీగలు.
పక్కన కొత్తది తొలిచాను,
రేకు పొట్టు వేడివేడిగా ముంజేతి మీద రాలింది.
తీగ మొన వంగదు, దూరదు.
ఊచకి కట్టి మూడుసార్లు టేపు చుట్టాను,
మూడుసార్లూ టేపే బయటికొచ్చింది.

దాలినాయుడు లుంగీ ఎగ్గట్టి వచ్చాడు.
జేబులోంచి మూరెడు జనపతాడు తీసి
రాగి మొనకీ నా ఇనప ఊచకీ ఏదో ముడి వేశాడు.
మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి,
చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పుట్టి
నేను చూసేలోపే అయిపోయింది.
ముడి ఉందని కన్నానికి తెలియలేదు.

నేను బానెట్ వైపు నుంచి తోస్తున్నాను,
అతను బ్రేకు పెడలు కింద తల పెట్టి లాగుతున్నాడు.
"ఆగు."
ఆగాను.
"ఎక్కడో కొరుకుతంది."
నాకేమీ వినబడలేదు. కూర్మారావుకీ వినబడలేదు.
టార్చి వేసి చూస్తే
రబ్బరు వాషరు గాడి తప్పింది,
రేకు అంచు ఎర్ర తొడుగు మీద
వెంట్రుకంత గీత గీసింది.
ఈ ఏడు కాకపోతే పై ఏడు,
బొబ్బిలి రోడ్డు గతుకుల్లో ఎక్కడో
ఆ గీత రాగిని చేరేది.

ఎలా తెలిసిందని పెదాలతో అడిగాను.
అరచెయ్యి చూపించాడు.
"తెగీ ముందు పోగు సేతికి సెప్తాది."

పాడైన మేర కోసేసి మళ్లీ లాగాం.
కరెంటు తీగ ఎడమ గుమ్మాల కింద,
పాట తీగ కుడి గుమ్మాల కింద.
రెండూ ఒకే పక్క పోతే
ఇంజను రొద పాటలోకి దిగుతుంది.
"నాకా రొద తెల్దు గదా, ఒక పక్కే లాగీ,
నీకూ పొద్దుపోతంది."
"ఎక్కేవాళ్లకి తెలుస్తుంది," అన్నాను.
అది అబద్ధం కాదు గానీ
కారణం అది కాదు.

డిక్కీలో పెయింటు గీకి
రేకు తెల్లబడేదాకా రుద్ది ఎర్తు బిగించాను.
ఆఖరున, మొదట విప్పిన నల్ల తీగ.
చిన్న నిప్పురవ్వ, ఎప్పుడూ వచ్చేదే.

వెనక సీట్లో వీపానించి కూర్చున్నాడు.
నాబు తిప్పాను.
నంబరు ప్లేటు గజగజలాడింది,
పంచర్ల తవుడు బయటికొచ్చి తిట్టిపోశాడు.
దాలినాయుడు చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత కుడి మడమతో కొట్టడం మొదలెట్టాడు,
పాట కన్నా కొంచెం వేగంగా,
పాటది కాని ఇంకేదో లెక్కలో.

రెండొందలు తక్కువిచ్చాడు.
మిగిలిన రాగి తీగ ముక్కని
చుట్ట చుట్టి అడక్కుండానే పట్టుకుపోయాడు.
జనపతాడు మాత్రం ఊచకే ఉండిపోయింది.
సాయంత్రం నుంచీ కూర్మారావు
దాన్ని విప్పాలని చూస్తున్నాడు.